గుండె వార్డులో ఫార్మసిస్టుగా నిలబడాలంటే

కార్డియాలజీలో క్లినికల్ ఫార్మసిస్టు అవ్వాలనుంది, ఏ కోర్సు చేయాలి అని అడిగేవాళ్ళే ఎక్కువ. కోర్సు సంగతి చెప్తాను గానీ ముందు పని సంగతి చెప్పనివ్వండి. ఈ పనేంటో తెలియకుండా సర్టిఫికెట్ల వెంటపడి, తీరా వార్డులోకి వచ్చాక ఇక్కడ నేనేం చేయాలో అర్థంకాక గోడకి ఆనుకుని నిలబడేవాళ్ళు చాలామందే ఉంటారు.

డెబ్బై దాటిన ఒక పేషెంటు హార్ట్ ఫెయిల్యూర్‌తో అడ్మిట్ అయ్యారనుకోండి. షుగర్ ఉంది, కిడ్నీలు కొంత దెబ్బతిన్నాయి, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు లయ తప్పి కొట్టుకోవడం) ఉంది కాబట్టి రక్తం గడ్డకట్టకుండా మందు వాడుతున్నారు, మోకాళ్ళ నొప్పులకి ఎవరో ఇచ్చిన పెయిన్‌కిల్లర్ కూడా వేసుకుంటున్నారు, ఆ మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు. కార్డియాలజిస్టు గుండె చూస్తారు, నెఫ్రాలజిస్టు కిడ్నీ చూస్తారు, నర్సు టైముకి మందులిస్తారు. ఈ పది పన్నెండు మందులూ ఒకే ఒంట్లో ఒకదాన్నొకటి ఏం చేసుకుంటున్నాయో, నిన్నటి పొటాషియం రిపోర్టుకీ ఇవాళ్టి డోసుకీ పొంతన ఉందో లేదో చూసే మనిషి ఒకరుండాలి. అది మీరు. ఆ పెయిన్‌కిల్లర్ వల్లే ఒంట్లో నీరు చేరిందేమో అని మొదట అనుమానించాల్సిందీ మీరే.

మందుల పేర్లు వార్డులో అందరికీ తెలుసు. ఫలానా మందు ఫలానా మనిషిలో ఈ వారం ఏం చేస్తోందో వెంటపడి చూడటం, చూసింది సరైన టైముకి సరైన మనిషికి చెప్పడం, ఉద్యోగమంటే అదే. కింద రాసిందంతా దానికోసమే.

చదువు, ట్రైనింగ్

దీన్ని త్వరగా ముగించేస్తాను. ఫార్మసీ డిగ్రీ, లైసెన్సు ఎక్కడైనా ఉండాల్సిందే, ఆపైన దారి దేశాన్ని బట్టి మారుతుంది. ఇండియాలో 2008లో మొదలైన ఆరేళ్ళ ఫార్మ్‌డి ఉంది, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. అమెరికాలో ఫార్మ్‌డి అయ్యాక పీజీవై1 అని ఏడాది జనరల్ రెసిడెన్సీ, ఆ తర్వాత కార్డియాలజీలోనే పీజీవై2 అని ఇంకో ఏడాది. బ్రిటన్‌లో అదనపు శిక్షణ తీసుకున్న ఫార్మసిస్టులు 2006 నుంచి తామే మందులు రాయగలుగుతున్నారు, కాబట్టి అక్కడ హార్ట్ ఫెయిల్యూర్ క్లినిక్‌లో డోసులు పెంచే పని ఫార్మసిస్టే చేయడం కొత్తేమీ కాదు.

ఇంటర్న్‌షిప్‌కో రెసిడెన్సీకో హాస్పిటల్ ఎంచుకునేటప్పుడు పేరు చూడకండి. క్యాథ్ ల్యాబ్ (రక్తనాళంలోంచి ట్యూబ్ పంపి గుండెని చూసే, స్టెంట్ వేసే గది), సీసీయూ (గుండె పేషెంట్ల ఐసీయూ), గుండె సర్జరీలు మూడూ ఉన్నాయా, ముఖ్యంగా అక్కడి ఫార్మసిస్టు డాక్టర్లతో పాటు రౌండ్స్‌కి వెళ్తారా అని అడగండి. వెళ్ళరు అంటే ఎంత పెద్ద హాస్పిటలైనా మీరు నేర్చుకునేది స్టోర్ పనే. ఇంకోటి, నేరుగా కార్డియాలజీలోకి దూకకండి. ముందు ఒక ఏడాదైనా జనరల్ మెడిసిన్ చూడండి, ఎందుకంటే గుండె పేషెంటు గుండె ఒక్కదానితో రాడు, కిడ్నీ, షుగర్, థైరాయిడ్, ఛాతీ ఇన్ఫెక్షన్ అన్నీ వెంటపెట్టుకుని వస్తాడు.

ముందు అంకెలు, తర్వాతే మందులు

చాలామంది మందుల లిస్టు బట్టీ పట్టడంతో మొదలుపెడతారు. నా సలహా తిరగేసి ఉంటుంది: బీపీ, హార్ట్ రేటు, బరువు, పొటాషియం, మెగ్నీషియం, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), ఈసీజీలో క్యూటీ (గుండె కొట్టుకుని మళ్ళీ సిద్ధమయ్యేదాకా పట్టే టైము), ఎకోలో ఎజెక్షన్ ఫ్రాక్షన్ (ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు గుండె బయటికి తోసే రక్తం శాతం), వీటిని చూడగానే అర్థం చేసుకునే స్థాయికి ముందు రండి. ఒక్క రోజు అంకె చూసి ఏమీ తేల్చలేం. క్రియాటినిన్ 1.6 అంటే ఆ మనిషికి ఎప్పుడూ ఉండేదే కావచ్చు, మొన్న 0.9 ఉండి ఇవాళ 1.6 అయితే మాత్రం అది వేరే కథ, అప్పుడు ప్రతి మందు డోసునీ మళ్ళీ చూడాలి.

కిడ్నీ దగ్గర ఒక చిక్కుంది, దాని మీద కాస్త టైము పెట్టండి. ల్యాబ్ రిపోర్టులో అచ్చయ్యేది ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీ ఎంత వడపోస్తోందో క్రియాటినిన్ నుంచి కట్టిన అంచనా. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే డాబిగట్రాన్, రివరోక్సబాన్ లాంటి మందుల డోసులు తేల్చిన ట్రయల్స్‌లో వాడింది కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ ఫార్ములా, 1976 నాటిది, అందులో వయసు, బరువు కూడా వస్తాయి. బక్కపలచని ముసలావిడకి ఈ రెండు లెక్కలూ బాగా తేడా చూపిస్తాయి. రిపోర్టులో 60 కనిపిస్తున్నా, బరువు వేసి లెక్కకడితే 35 రావచ్చు. ఈ లెక్క వార్డులో చేసేవాళ్ళు తక్కువ, మీరు చేయండి.

ఈసీజీ మొత్తం చదవడం రాకపోయినా ఫర్వాలేదు, రిథమ్ గుర్తుపట్టడం, రేటు చెప్పడం, క్యూటీ కొలవడం రావాలి. మెషిన్ ఇచ్చే క్యూటీసీ (గుండె రేటుకి తగ్గట్టు సరిచేసిన క్యూటీ) ఎక్కువగా బాజెట్ ఫార్ములాది, గుండె వేగంగా కొట్టుకుంటున్నప్పుడు అది ఉన్నదానికంటే పెంచి చూపిస్తుంది, అప్పుడు ఫ్రిడెరీషియాతో మళ్ళీ లెక్కకట్టండి. 500 మిల్లీసెకన్లు దాటిందంటే నిజంగానే టెన్షన్ పడాల్సిన విషయం. అప్పుడు సోటలాల్, అమియోడరోన్ లాంటివే కాకుండా వాంతులకిచ్చిన ఆన్‌డాన్‌సెట్రాన్, దగ్గుకిచ్చిన అజిత్రోమైసిన్, రాత్రి కలవరిస్తున్నారని ఇచ్చిన హాలోపెరిడాల్ కూడా వెతకాలి. పొటాషియం, మెగ్నీషియం తక్కువున్నాయేమో చూడాలి.

హార్ట్ ఫెయిల్యూర్: మీ అసలు చోటు ఇదే

గుండె విభాగంలో ఫార్మసిస్టు ఎక్కువ ఉపయోగపడేది ఎక్కడ అని అడిగితే నేను హార్ట్ ఫెయిల్యూర్ అంటాను. ఎజెక్షన్ ఫ్రాక్షన్ 40 శాతం, అంతకంటే తక్కువ ఉన్నవాళ్ళకి నాలుగు రకాల మందులు ఆయుష్షు పెంచుతాయని గట్టి రుజువులున్నాయి: సాక్యుబిట్రిల్-వాల్సార్టాన్ లేదా దాని బదులు ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటిది, బీటా బ్లాకర్, స్పైరోనోలాక్టోన్ లేదా ఎప్లెరెనోన్, డాపాగ్లిఫ్లోజిన్ లేదా ఎంపాగ్లిఫ్లోజిన్. సమస్య ఏంటంటే చీటీలో నాలుగూ ఉంటాయి, ఏదీ ట్రయల్‌లో పనిచేసిన డోసులో ఉండదు. మొదలుపెట్టినప్పటి చిన్న డోసే రెండేళ్ళ తర్వాత కూడా నడుస్తుంటుంది. పెంచే పని ఎవరిదీ కాదు కాబట్టి ఎవరూ పెంచరు. ఆ పని మీరు తీసుకోండి.

పెంచడం ఎలా? మెటోప్రోలాల్ సక్సినేట్ అయితే రోజుకి 200 మిల్లీగ్రాములు, బైసోప్రోలాల్ 10, కార్వెడిలాల్ 25 చొప్పున రోజుకి రెండుసార్లు, బరువు 85 కిలోలు దాటితే 50 చొప్పున. లక్ష్యం అది. మెటోప్రోలాల్‌లో టార్ట్రేట్, సక్సినేట్ రెండూ ఒకటి కాదు. హార్ట్ ఫెయిల్యూర్‌లో రుజువున్నది సక్సినేట్‌కి, 2003 నాటి కోమెట్ ట్రయల్‌లో కార్వెడిలాల్ ముందు టార్ట్రేట్ తేలిపోయింది. చీటీలో ఉత్త మెటోప్రోలాల్ అని ఉంటే ఏదని అడగండి, చిన్న ప్రశ్నే. ఒంట్లో నీరు నిండి ఆయాసంతో ఉన్నప్పుడు బీటా బ్లాకర్ కొత్తగా మొదలుపెట్టడం, పెంచడం వద్దు. అలాగని అప్పటికే వాడుతున్నదాన్ని కారణం లేకుండా ఠక్కున ఆపేయడమూ వద్దు.

రామిప్రిల్ లాంటిదాని నుంచి సాక్యుబిట్రిల్-వాల్సార్టాన్‌కి మారేటప్పుడు మధ్యలో 36 గంటల ఖాళీ ఉండాలి. రెండూ ఒంట్లో బ్రాడీకైనిన్ అనే పదార్థం విరగడాన్ని ఆపుతాయి, కలిస్తే పెదాలు, నాలుక, గొంతు వాచి ఊపిరాడని పరిస్థితి రావచ్చు. లోసార్టాన్, టెల్మిసార్టాన్ నుంచి మారితే ఈ ఖాళీ అక్కర్లేదు. ఇక్కడే ఇంకో చిన్న సంగతి: ఈ మందు మీదున్న పేషెంటుకి బీఎన్‌పీ (హార్ట్ ఫెయిల్యూర్‌కి చేసే రక్తపరీక్ష) టెస్ట్ చేస్తే అంకె మందు వల్లే పెరిగి కనిపించవచ్చు, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ చేయించమనండి. ఇలాంటి మాట ఒకటి వార్డులో సరైన టైముకి చెప్తే తర్వాత మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తారు.

స్పైరోనోలాక్టోన్ కథ ప్రతి ఫార్మసిస్టూ తెలుసుకోవాలి. 1999లో రేల్స్ ట్రయల్ వచ్చింది, తీవ్రమైన హార్ట్ ఫెయిల్యూర్‌లో మరణాలు 30 శాతం తగ్గాయని తేలింది, డాక్టర్లు ధారాళంగా రాయడం మొదలుపెట్టారు. 2004లో కెనడాలోని ఒంటారియో రాష్ట్రపు లెక్కలు బయటికొచ్చాయి, రేల్స్ తర్వాత పొటాషియం పెరిగి హాస్పిటల్లో చేరినవాళ్ళు, చనిపోయినవాళ్ళు బాగా పెరిగారు. మందు అదే. ట్రయల్‌లో ఉన్నవాళ్ళని ఎంచి తీసుకున్నారు, రక్తపరీక్షలు వరసగా చేశారు, బయట ఆ రెండూ జరగలేదు. పొటాషియం 5 దాటి ఉంటే మొదలుపెట్టొద్దు, మొదలుపెట్టాక వారానికి, నాలుగు వారాలకి పరీక్ష, 5.5 దాటితే డోసు తగ్గించడం లేదా ఆపడం. డిశ్చార్జి అయిన పేషెంటుకి వారం తర్వాత పరీక్ష జరిగిందా అని ఫోన్ చేసి కనుక్కునే మనిషి ఉంటే చాలు, సగం ప్రమాదం అక్కడే ఆగుతుంది.

డాపాగ్లిఫ్లోజిన్ రకం మందులకి మొదటి వారాల్లో ఈజీఎఫ్ఆర్ కొంచెం పడుతుంది, అది చూసి కంగారుగా ఆపేస్తుంటారు, పడటం కొద్దిగానే ఉండి పేషెంటు బాగుంటే ఆపక్కర్లేదని చెప్పాల్సింది మీరే. సర్జరీ ఉంటే మాత్రం మూడు రోజుల ముందే ఆపాలి, లేదంటే షుగర్ మామూలుగా కనిపిస్తూనే కీటోఅసిడోసిస్ (రక్తంలో ఆమ్లాలు పేరుకోవడం) రావచ్చు. బైపాస్‌కి వెళ్ళే పేషెంట్లు మీ వార్డులోనే ఉంటారు, సర్జరీ లిస్టు ముందే చూసుకోండి.

అన్నీ ఎంత త్వరగా పెంచాలి అన్నదానికి 2022లో వచ్చిన స్ట్రాంగ్-హెచ్ఎఫ్ ట్రయల్ చదవండి. డిశ్చార్జి తర్వాత రెండు వారాల్లోనే పూర్తి డోసుకి తీసుకెళ్ళి, మధ్యమధ్యలో పిలిచి పరీక్షిస్తూ ఉంటే, ఆరు నెలల్లో మరణం లేదా హార్ట్ ఫెయిల్యూర్‌తో మళ్ళీ చేరడం 23.3 శాతం నుంచి 15.2 శాతానికి తగ్గింది. మధ్యమధ్యలో పిలిచి చూడటం అన్న భాగాన్ని మర్చిపోయి ఉత్త డోసులు పెంచితే ఒంటారియో కథే మళ్ళీ.

రక్తం పల్చబడే మందులు

కొత్తగా చేరిన ఫార్మసిస్టుకి నమ్మకం సంపాదించిపెట్టేది ఈ విభాగమే, ఎందుకంటే ఇక్కడ తప్పులు ఎక్కువ, పట్టుకుంటే ఫలితం వెంటనే కనిపిస్తుంది.

అపిక్సబాన్ తీసుకోండి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో 5 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు. 2.5కి తగ్గించాలంటే మూడింటిలో రెండు ఉండాలి: వయసు 80, ఆపైన, బరువు 60 కిలోలు, అంతకంటే తక్కువ, క్రియాటినిన్ 1.5, ఆపైన. 82 ఏళ్ళు, 70 కిలోలు, క్రియాటినిన్ 1.1 ఉన్న పెద్దాయనకి 2.5 రాసి ఉండటం మీరు ఎన్నోసార్లు చూస్తారు, వయసు చూసి భయపడి తగ్గిస్తారు. రక్తస్రావం భయం అర్థమయ్యేదే, కానీ తగ్గిన డోసుతో పక్షవాతం రాకుండా ఆపే శక్తీ తగ్గుతుంది, అది ఎవరి కళ్ళకీ కనబడదు.

రివరోక్సబాన్ 15, 20 మిల్లీగ్రాముల మాత్రలు భోజనంతో వేసుకోవాలి, ఖాళీ కడుపున సరిగ్గా ఒంటబట్టవు. డాబిగట్రాన్ క్యాప్సూల్ విప్పి పొడి ఇవ్వకూడదు, రక్తంలోకి ఎక్కువ వెళ్ళిపోతుంది, ముక్కులో ట్యూబ్ ఉన్న పేషెంటుకి ఇది గుర్తుండాలి. గుండెలో మెకానికల్ వాల్వ్ (కృత్రిమ కవాటం) ఉన్నవాళ్ళకి ఇవేవీ వద్దు, వార్ఫరిన్ రకమే. డాబిగట్రాన్‌తో చేసిన రీ-అలైన్ ట్రయల్‌ని మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది, 2013లో అది అచ్చయింది. రుమాటిక్ గుండె జబ్బుతో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్ళలో కూడా 2022 నాటి ఇన్విక్టస్ ట్రయల్‌లో రివరోక్సబాన్ కంటే వార్ఫరిన్ రకమే మెరుగని తేలింది.

వార్ఫరిన్ పాతబడింది, దాన్నేం చదువుతాం అనుకోకండి. ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత టైము పడుతోందో చెప్పే పరీక్ష) మామూలుగా 2 నుంచి 3, మైట్రల్ చోట మెకానికల్ వాల్వ్ అయితే 2.5 నుంచి 3.5. మెట్రోనిడజోల్, కోట్రైమోక్సజోల్, ఫ్లూకోనజోల్ మొదలైతే ఐఎన్ఆర్ కొద్ది రోజుల్లోనే ఎగబాకుతుంది, రిఫాంపిసిన్ మొదలైతే దిగజారుతుంది. అమియోడరోన్ సంగతి వేరు, దాని ప్రభావం వారాల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది, చివరికి వార్ఫరిన్ మూడో వంతు నుంచి సగం దాకా తగ్గించాల్సి రావచ్చు, పైగా అమియోడరోన్ ఆపేశాక కూడా నెలల తరబడి ఒంట్లోనే కూర్చుంటుంది. అందుకే మందు మొదలైన రోజే కాదు, ఆపిన రోజూ ఐఎన్ఆర్ తేదీ రాసి పెట్టండి.

హెపారిన్ నడుస్తున్న పేషెంటులో ఐదో రోజు నుంచి పదో రోజు మధ్య ప్లేట్‌లెట్లు సగానికి పడితే హెచ్ఐటీ (హెపారిన్ వల్లే ప్లేట్‌లెట్లు పడిపోయే రియాక్షన్) అనుమానించాలి. ఎవరో ఒకరు చూస్తారులే అని వదిలేయకండి.

మిగతావి కొన్ని

గుండెపోటు, స్టెంట్ పేషెంట్లలో పట్టుకోవాల్సినవి ఇవీ అని ముందే తెలిస్తే పని తేలిక. ప్లేట్‌లెట్లు అతుక్కోకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్‌తో ఎసిడిటీ మందు ఒమెప్రజోల్ ఉంటే పాంటోప్రజోల్‌కి మార్చమనండి. టికాగ్రెలార్‌తో ఆస్పిరిన్ రోజుకి 100 మిల్లీగ్రాములు దాటకూడదు, టికాగ్రెలార్ వల్లే ఆయాసం వస్తుంటుంది, దాన్ని హార్ట్ ఫెయిల్యూర్ అనుకుని లాసిక్స్ (ఒంట్లో నీరు తీసే ఫ్యూరోసెమైడ్) ఇవ్వడమూ జరుగుతుంటుంది. ఇంతకుముందు పక్షవాతం వచ్చినవాళ్ళకి ప్రాసుగ్రెల్ వద్దు. ఛాతీనొప్పికిచ్చే నైట్రేట్లు రాసేముందు సిల్డెనఫిల్ (వయాగ్రా) గురించి అడగాలి, 24 గంటల లోపు వేసుకుంటే నైట్రేట్ ఇవ్వకూడదు, టాడలఫిల్ అయితే 48 గంటలు. ఈ ప్రశ్న కుటుంబం ముందు అడిగితే నిజం రాదు, కర్టెన్ లాగి అడగండి.

కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్‌తో ఒళ్ళు నొప్పులు అనే పేషెంట్లు మీ దగ్గరికి వరసగా వస్తారు. ముందు నిజమైన కారణాలు చూడండి: సిమ్వాస్టాటిన్‌తో క్లారిత్రోమైసిన్ ఉందా, సిమ్వాస్టాటిన్ 20 దాటి ఉండి పక్కనే ఆమ్లోడిపిన్ ఉందా, థైరాయిడ్ సరిగ్గా ఉందా. అవేవీ లేకపోతే 2020 నాటి సామ్సన్ ట్రయల్ గుర్తుచేసుకోండి. స్టాటిన్ మానేసినవాళ్ళకే కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర ఇస్తే, స్టాటిన్‌తో వచ్చిన బాధలో 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చింది. పేషెంటుకి నొప్పి అబద్ధమని చెప్పకండి, నొప్పి నిజమే, కారణం మాత్ర కాకపోవచ్చు. కొంచెం ఆపి, వేరే స్టాటిన్ చిన్న డోసుతో మళ్ళీ మొదలుపెడదామంటే చాలామంది ఒప్పుకుంటారు.

డిజాక్సిన్ ఫాక్స్‌గ్లవ్ మొక్క నుంచి వచ్చిన మందు, విలియం విదరింగ్ 1785లో ఆ మొక్క మీద రాసిన రోజుల నుంచీ మనుషులు సరైన డోసు కోసం తంటాలు పడుతూనే ఉన్నారు. ఇప్పుడు హార్ట్ ఫెయిల్యూర్‌లో రక్తంలో మిల్లీలీటరుకి 0.5 నుంచి 0.9 నానోగ్రాములు చాలంటున్నాం. రక్తం తీయాల్సింది మాత్ర వేసుకున్న ఆరు గంటల తర్వాతే, రెండు గంటలకే తీసిన శాంపిల్ చూసి విషం ఎక్కిందనుకునే గొడవ తరచూ ఉంటుంది. అమియోడరోన్ కలిస్తే డోసు సగం చేయండి.

రోజూ పని ఎలా చేయాలి

రౌండ్స్‌కి గంట ముందు వార్డులో ఉండండి. ప్రతి పేషెంటుకీ ఒక కాగితం, దాని మీద ఇంటి దగ్గర వాడిన మందులు ఒకవైపు, ఇప్పుడు నడుస్తున్నవి ఒకవైపు, కింద ఐదారు రోజుల అంకెలు. ఇంటి మందుల లిస్టు చీటీ చూసి రాస్తే సరిపోదు, సంచిలోని స్ట్రిప్పులు తీయించి, ఇందులో నిజంగా ఏవి వేసుకుంటున్నారో అడగాలి. ప్రతి మందుకీ ఎందుకు ఇస్తున్నాం, ఈ కిడ్నీకి ఈ డోసు సరా, దీన్ని ఏ పరీక్షతో చూస్తున్నాం అని, ఆ తర్వాత ఉండాల్సిన మందు ఏదైనా లేదా అని చూడండి. ఈ చివరి ప్రశ్నని మర్చిపోతారు, ఎక్కువున్నవి కళ్ళకి కనిపిస్తాయి, లేనిది కనబడదు కదా.

అలా చూస్తే ఒక్కో పేషెంటుకి ఏడెనిమిది విషయాలు దొరుకుతాయి. అన్నీ చెప్పకండి. ఇవాళ ఆపకపోతే ప్రమాదమైనవి ఒకటి రెండు చెప్పండి, మిగతావి రేపటికో డిశ్చార్జికో దాచండి. ప్రతి బెడ్ దగ్గరా ఏడు పాయింట్లు చదివే ఫార్మసిస్టుని మూడో రోజు నుంచి ఎవరూ వినరు.

చెప్పే పద్ధతి కూడా ముఖ్యం. "సర్, స్పైరోనోలాక్టోన్, కోట్రైమోక్సజోల్ మధ్య ఇంటరాక్షన్ ఉంది" అంటే అది యాప్ కూడా చెప్తుంది. ఇలా చెప్పి చూడండి: "సర్, ఆరో బెడ్‌లో స్పైరోనోలాక్టోన్ 25 నడుస్తోంది. మొన్న యూరిన్ ఇన్ఫెక్షన్‌కి కోట్రైమోక్సజోల్ మొదలైంది. పొటాషియం 4.8 నుంచి 5.6 అయింది, క్రియాటినిన్ 1.2 నుంచి 1.7. రెండూ ఇవాళ ఆపి, కల్చర్ రిపోర్టు వచ్చింది కాబట్టి వేరే యాంటీబయాటిక్‌కి మారదాం, ఈసీజీ ఒకటి తీయించి సాయంత్రం పొటాషియం మళ్ళీ చూద్దాం." ఇందులో సమస్య, రుజువు, ఏం చేయాలి, ఎప్పుడు చూడాలి అన్నీ ఉన్నాయి, డాక్టరు సరే అంటే పని అయిపోతుంది.

ఒప్పుకోకపోతే? కారణం అడగండి, చాలాసార్లు వాళ్ళకి తెలిసి మీకు తెలియని విషయం ఏదో ఉంటుంది. కారణం సరిపోలేదనిపిస్తే, ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తే, రౌండ్ అయ్యాక విడిగా ఇంకోసారి చెప్పండి, అవసరమైతే పై డాక్టరుకి చెప్పండి, రాతలో పెట్టండి. అందరి ముందూ వాదించి గెలిచినా తర్వాత ఆ వార్డులో మీకు పని జరగదు.

నర్సులతో మంచిగా ఉండమని ఎవరైనా చెప్తారు, నేను చెప్పేది వాళ్ళకి ఉపయోగపడమని. ఒకే లైన్లో ఫ్యూరోసెమైడ్, మిల్రినోన్ కలిస్తే గడ్డలు కడుతుంది, అమియోడరోన్ ఇన్ఫ్యూజన్ 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లో కలపాలి, పొటాషియం క్లోరైడ్ ఎప్పుడూ పలుచన చేయకుండా నేరుగా ఎక్కించకూడదు. సీసీయూలో ఏది దేనితో కలుస్తుందో చూపించే ఒక పేజీ చార్టు మీరు తయారుచేసి గోడకి అంటిస్తే, అర్ధరాత్రి వాళ్ళు మిమ్మల్ని తలుచుకుంటారు. తర్వాత వార్డులో ఏ తేడా వచ్చినా ముందు మీకే చెప్తారు.

డిశ్చార్జి రోజు పేషెంటుతో కూర్చునేటప్పుడు పది మందుల గురించీ పాఠం చెప్పకండి. రోజూ పొద్దున్నే, టాయిలెట్‌కి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసుకుని రాసుకోమనండి, మూడు రోజుల్లో రెండు కిలోలు దాటి పెరిగితే ఫోన్ చేయమనండి. నొప్పికి ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్ లాంటివి వద్దని చెప్పండి, నీళ్ళలో వేస్తే బుసబుసమనే మాత్రల్లో సోడియం ఎక్కువని కూడా. చివర్లో "అర్థమైందా" అని అడిగితే అందరూ తలూపుతారు. "ఇంటికెళ్ళాక మీ అబ్బాయికి ఎలా చెప్తారో నాకు చెప్పండి" అంటే ఏది అర్థంకాలేదో బయటపడుతుంది.

చదవడం, సర్టిఫికెట్

అమెరికన్ గుండె సంఘాలు కలిసి 2022లో ఇచ్చిన హార్ట్ ఫెయిల్యూర్ గైడ్‌లైన్, యూరోపియన్ సొసైటీ ఆఫ్ కార్డియాలజీ 2021లో ఇచ్చి 2023లో కొంత సవరించినది, ఈ రెండూ చదవండి. ముందు మందుల భాగం, తర్వాత మిగతాది. ట్రయల్ చదివేటప్పుడు ఫలితం కంటే ముందు ఎవరిని తీసుకోలేదో చూడండి. పొటాషియం ఎంత దాటినవాళ్ళని వద్దన్నారు, కిడ్నీ ఎంత దెబ్బతిన్నవాళ్ళని వద్దన్నారు, సగటు వయసెంత. మీ ముందున్న పేషెంటు ఆ ట్రయల్ గుమ్మం దాటగలిగేవాడా కాదా అన్నదే మీరు చెప్పబోయే సలహాకి బలం. నెలకి ఒక్క ట్రయల్ ఇలా చదివినా చాలు, వారానికి నాలుగు సారాంశాలు చదవడం కంటే నయం.

1976లో మొదలైన బోర్డ్ ఆఫ్ ఫార్మసీ స్పెషాలిటీస్ కార్డియాలజీకి విడిగా బీసీసీపీ అనే సర్టిఫికెట్ ఇస్తుంది, ఆ పరీక్ష 2018 నుంచి ఉంది, ఏడేళ్ళకోసారి రెన్యూ చేసుకోవాలి. రెసిడెన్సీ గానీ కార్డియాలజీలో కొన్నేళ్ళ అనుభవం గానీ ఉండాలి, అర్హత వివరాలు అప్లై చేసేముందు వాళ్ళ దగ్గరే చూసుకోండి. విలువైనదే, విదేశాల్లో ఉద్యోగం చూసేవాళ్ళకి ఇంకా విలువైనది. కాకపోతే వార్డు అనుభవం లేకుండా తొందరపడి రాస్తే పేరు చివర అక్షరాలు మిగులుతాయి, బెడ్ దగ్గర నోరు పెగలదు. ముందు పని, తర్వాత పరీక్ష.

పోస్టే లేని చోట

చాలా హాస్పిటల్స్‌లో కార్డియాలజీ క్లినికల్ ఫార్మసిస్టు అనే పోస్టే ఉండదు. అడిగితే బడ్జెట్ లేదంటారు. పోస్టు అడగకండి, ఒక సమస్య ఎంచుకుని దాన్ని తీసుకుంటానని అడగండి. అన్నిటికంటే తేలిగ్గా మొదలయ్యేది వార్ఫరిన్ క్లినిక్, వారానికి ఒక పూట, ఒక టేబుల్, ఒక రిజిస్టరు. లేదంటే హార్ట్ ఫెయిల్యూర్ డిశ్చార్జి పేషెంట్లకి వారం రోజులకి ఫోన్. మొదలుపెట్టే ముందు ఇప్పుడున్న పరిస్థితి రాసుకోండి: ఎంతమందికి ఐఎన్ఆర్ పరిధిలో ఉంది, నెలలోపు ఎంతమంది మళ్ళీ చేరుతున్నారు. ఆ అంకె లేకుండా ఆరు నెలల తర్వాత మీరు ఎంత చేశామన్నా చూపించడానికి ఏమీ ఉండదు.

మేనేజ్‌మెంట్‌తో మాట్లాడేటప్పుడు బయటి రుజువులూ పట్టుకెళ్ళండి. 1999లో వచ్చిన ఫార్మ్ స్టడీలో 181 మంది హార్ట్ ఫెయిల్యూర్ పేషెంట్లలో, ఫార్మసిస్టు టీమ్‌లో ఉన్న వైపు మరణాలు, హార్ట్ ఫెయిల్యూర్ ఘటనలు కలిపి 4, లేని వైపు 16. అదే ఏడాది ఐసీయూ రౌండ్స్‌లో ఫార్మసిస్టు ఉంటే మందులు రాయడంలో పొరపాట్లతో వచ్చే, నివారించగల హాని 66 శాతం తగ్గిందని ఇంకో స్టడీ చూపించింది. 2018లో లాస్ ఏంజెలిస్‌లో ఫార్మసిస్టులు నల్లజాతి మగవాళ్ళ బార్బర్ షాపులకే వెళ్ళి బీపీ మందులు సరిచేస్తే ఆరు నెలల్లో పై బీపీ 27 పాయింట్లు తగ్గింది, ఫార్మసిస్టు లేని రెండో గుంపులో 9.3. బార్బర్ కుర్చీ దగ్గర జరిగింది హాస్పిటల్లో ఎందుకు జరగదని అడగండి, మర్యాదగానే.

మీరు చేసిన ప్రతి సూచనకీ తేదీ, సమస్య, ఏం చెప్పారు, ఒప్పుకున్నారా, తర్వాత ఏమైంది అని ఒక వరస రాసి పెట్టండి, పేషెంటు పేరు లేకుండా. నెలకి ఎన్ని సూచనలు అన్న మొత్తం ఎవరినీ కదిలించదు, పొటాషియం 6.2 దాకా వెళ్ళకుండా ఆపిన నాలుగు కేసులు కదిలిస్తాయి.

ఇక్కడి నుంచి దారులు చాలా ఉన్నాయి. సీసీయూ, గుండె మార్పిడి, ఎల్వీఏడీ (గుండెకి సాయంగా పెట్టే పంపు) టీమ్, లిపిడ్ క్లినిక్, టీచింగ్, ట్రయల్స్ నడిపే పని, డ్రగ్ సేఫ్టీ. మార్పిడి విభాగంలో కొత్త గుండెని ఒళ్ళు తిప్పికొట్టకుండా ఇచ్చే టాక్రోలిమస్ మోతాదులతో తల వాచిపోతుంది గానీ ఫార్మసిస్టు మాటకి విలువ ఎక్కువ. డ్రగ్ సేఫ్టీలో టైముకి ఇంటికెళ్ళొచ్చు, పేషెంటు మొహం మాత్రం కనబడదు. ఏది మీకు సరిపోతుందో రెండు మూడేళ్ళు వార్డులో ఉంటే మీకే తెలుస్తుంది.

ఇంటర్వ్యూకి వెళ్తే మెకానిజమ్స్ అడుగుతారని బట్టీ పట్టి వెళ్ళకండి, ఎక్కువగా ఒక కేసు ఇస్తారు. బీపీ 96/60, హార్ట్ రేటు 58, ఎజెక్షన్ ఫ్రాక్షన్ 30, పొటాషియం 5.2, మందులు తొమ్మిది, ఏం చేస్తారు? వెంటనే మందు మార్చడం మొదలుపెట్టకండి. తల తిరుగుతోందా, లేచి నిలబడితే బీపీ ఎంత, నిన్నటి పొటాషియం ఎంత, కాళ్ళవాపు ఉందా, బరువు పెరుగుతోందా తగ్గుతోందా అని అడగండి. బీపీ తక్కువున్నా లక్షణాలేమీ లేకపోతే ఆ అంకె ఒక్కటి చూసి హార్ట్ ఫెయిల్యూర్ మందులు తగ్గించనని, వాపు లేకపోతే ముందు లాసిక్స్, హార్ట్ ఫెయిల్యూర్‌కి పనికిరాని ఆమ్లోడిపిన్ లాంటి బీపీ మందులు తగ్గిస్తానని, పొటాషియం రెండు రోజుల్లో మళ్ళీ చూస్తానని చెప్పండి. టేబుల్‌కి అటువైపు కార్డియాలజిస్టు ఉంటే తర్వాతి ప్రశ్న కచ్చితంగా స్పైరోనోలాక్టోన్ గురించే ఉంటుంది.